ధవళేశ్వరం కొలత మన గడప దాకా



మన డెల్టాలో సేవా సంస్థల ముందుకు ఏటా తప్పక వచ్చే విన్నపాలు రెండు. జూలై, ఆగస్టు నెలల్లో "వరద వచ్చింది, బియ్యం, దుప్పట్లు కావాలి" అన్నది ఒకటి. ఏప్రిల్, మే నెలల్లో "తాగునీరు లేదు, బోరు వేయించండి" అన్నది రెండవది. ఈ రెండింటికీ మన దాతలు ఏనాడూ వెనుకాడలేదు. అయితే వరద ఎంత వస్తుందో, ఎప్పుడు వస్తుందో ముందే చెప్పే లెక్కలు ప్రభుత్వ శాఖల దగ్గర ఉన్నాయి. ఏ నేలలో మంచినీరు పడుతుందో, ఏ నేలలో ఉప్పునీరు పడుతుందో సూచించే లెక్కలూ ఉన్నాయి. అవి రహస్యాలు కావు, చాలా వరకు అందరికీ తెరిచి ఉంచినవే. కానీ మన వీధి దాకా రావు, వచ్చినా మనకు అర్థమయ్యే మాటల్లో ఉండవు.

ఆ లెక్కలు ఏమిటి, వాటిని ఎలా చదవాలి, ఒకరితో ఒకరం ఎలా పంచుకోవాలి అన్నది ఈ వ్యాసంలో వరుసగా చెప్పుకుందాం. ఉపాధ్యాయులం కనుక కొంచెం పాఠంలా ఉంటే పెద్దలు మన్నించాలి.

నది ఒకటి, కొలిచే చేతులు అనేకం

గోదావరి మహారాష్ట్రలోని త్రయంబకేశ్వర్ దగ్గర పుట్టి సుమారు 1,465 కిలోమీటర్లు ప్రవహించి మన దగ్గర సముద్రంలో కలుస్తుంది. దీని పరివాహక ప్రాంతం 3 లక్షల చదరపు కిలోమీటర్లకు పైనే. దేశ విస్తీర్ణంలో ఇది దాదాపు పదో వంతు. మహారాష్ట్ర, తెలంగాణ, ఛత్తీస్‌గఢ్, ఒడిశా, మధ్యప్రదేశ్, కర్ణాటక రాష్ట్రాల్లో కురిసిన వాన ప్రాణహిత, ఇంద్రావతి, శబరి వంటి ఉపనదుల గుండా చివరికి మన ఏటిగట్ల మధ్యకే వస్తుంది.

దీని అర్థం ఏమిటి? మనల్ని ముంచే వాన మన ఊళ్లో కురిసింది కాదు. రాజమహేంద్రవరంలో ఎండ కాస్తూ ఉండగానే లంకల్లోకి నీరు ఎక్కుతుంది. ఆకాశం వంక చూసి వరదను అంచనా వేయడం మనకు సాధ్యం కాదు. ఎగువన ఉన్నవారు కొలిచి చెబితేనే దిగువన ఉన్న మనకు తెలుస్తుంది. డెల్టాలో బతికే ప్రతి కుటుంబం ఈ విధంగా, తాను ఎన్నడూ చూడని మనుషులు రాసి పంపే అంకెల మీద ఆధారపడి ఉంది.

ఆ అంకెలను సేకరించి ముందస్తు అంచనాలు ఇచ్చే బాధ్యత కేంద్ర జల సంఘానిది. ఈ సంస్థ వరద అంచనాల పని 1958లో ఢిల్లీ దగ్గర యమునా నదితో మొదలైంది. గోదావరి మీద పేరూరు, దుమ్ముగూడెం, భద్రాచలం, కూనవరం, శబరి మీద కుంట వంటి చోట్ల నీటిమట్టం కొలుస్తారు. భద్రాచలం దాటిన నీరు ధవళేశ్వరం చేరడానికి సుమారు ఒక రోజు పడుతుంది. మధ్యలో ఇప్పుడు పోలవరం స్పిల్‌వే 48 గేట్లు ఉన్నాయి. అయితే శబరి గోదావరిలో కలిసేది భద్రాచలానికి దిగువన, కూనవరం దగ్గర. కనుక భద్రాచలం అంకె ఒక్కటే చూసి "తగ్గుతోందిలే" అనుకోవడం పొరపాటు. కుంట దగ్గర శబరి ఎలా ఉందో కూడా చూడాలి.

మూడు హెచ్చరికలు, మూడు అంకెలు

భద్రాచలం దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక 43 అడుగులకు, రెండవది 48 అడుగులకు, మూడవది 53 అడుగులకు ఇస్తారు. ధవళేశ్వరంలోని సర్ ఆర్థర్ కాటన్ బ్యారేజీ దగ్గర ఈ అంకెలు వేరు. అక్కడ 11.75 అడుగులకు మొదటి హెచ్చరిక, 13.75 అడుగులకు రెండవది, 17.75 అడుగులకు మూడవది. నీటి ప్రవాహంలో చెప్పాలంటే ఇవి వరుసగా సుమారు 10 లక్షలు, 13 లక్షలు, 17 లక్షల క్యూసెక్కులు. ఒక క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు, అంటే సుమారు 28 లీటర్లు. ఈ లెక్కన మొదటి హెచ్చరిక నాటికే సెకనుకు 2 కోట్ల 80 లక్షల లీటర్ల నీరు బ్యారేజీ దాటుతోందన్నమాట.

1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర నీటిమట్టం 75.6 అడుగులకు చేరింది. ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటింది. ఆ తరువాత అంత పెద్ద వరద చాలా ఏళ్లు రాలేదు. 2022 జూలైలో భద్రాచలం దగ్గర 71.3 అడుగులు, ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులకు పైగా నమోదైంది. పెద్ద వరద ఆగస్టులోనే వస్తుందని నమ్మిన వారికి అది జూలై మధ్యలోనే వచ్చి చూపించింది.

ఈ అంకెలు టీవీలో కింద పరుగెత్తే అక్షరాల్లో వస్తాయి, పత్రికల్లో వస్తాయి. కేంద్ర జల సంఘం 2023 ఆగస్టులో 'ఫ్లడ్‌వాచ్ ఇండియా' అనే మొబైల్ యాప్ కూడా విడుదల చేసింది. కాకపోతే అది మొదట వచ్చింది ఇంగ్లీషు, హిందీ భాషల్లో. లంకలో ఉన్న తెలుగు మనిషికి ఆ అంకె చేరాలంటే మధ్యలో చదివి చెప్పే వారొకరు ఉండాలి.

అంకెను ఊరి మాటగా మార్చడం

"ధవళేశ్వరం వద్ద 13.75 అడుగులు, రెండవ ప్రమాద హెచ్చరిక జారీ." ఈ వాక్యం విన్న ఇల్లాలికి ఏం తెలిసింది? ప్రమాదమని తెలిసింది. కానీ ఆమెకు కావలసిన సమాధానాలు వేరు. మా సందులోకి నీరు వస్తుందా? వస్తే ఎన్ని గంటలకు? మేకలను ఇప్పుడే గట్టు మీదకు తోలాలా, రేపు పొద్దున తోలవచ్చా? మంచం పట్టిన అత్తగారిని పడవ మీద తీసుకుపోవాలా, ఆటో వెళ్లే దారి ఉండగానే తీసుకుపోవాలా?

ధవళేశ్వరం అంకెకూ, మన గడపకూ ఉన్న సంబంధాన్ని ఏ శాఖా విడివిడిగా ప్రతి సందుకూ చెప్పలేదు. అది ఆ ఊరి వారే రాసుకోవాలి. నిజానికి మన పెద్దలకు ఈ లెక్క తెలుసు. చాకలిపాలెం దగ్గర కనకాయలంక కాజ్‌వే మునిగిందంటే ఇక ఏ లంకల వంతు వస్తుందో అటు వైపు వారు చెప్పగలరు. కోటిపల్లి, ముక్తేశ్వరం మధ్య పంటు ఆపేశారంటే ఏరు ఎంత ఉరవడిగా ఉందో రేవు దగ్గర వారికి తెలుసు. కానీ ఆ తెలివి కొందరి తలల్లో ఉంది, కాగితం మీద లేదు. వారు పోతే వారితోనే పోతుంది.

చేయవలసిన పని చిన్నది. వరద రోజుల్లో ఒక నోటు పుస్తకంలో నాలుగు గళ్లు గీయాలి. తేదీ, గంట, ధవళేశ్వరం మట్టం, మన ఊళ్లో నీరు ఎక్కడ ఉంది. "11.75 అడుగులు ఉన్నప్పుడు రేవు మెట్లు మునిగాయి. 13.75కి వచ్చేసరికి బడి ఆవరణలోకి వచ్చింది" అన్నట్టుగా రెండు మూడేళ్లు రాస్తే, ఆ ఊరికి తనదైన హెచ్చరిక పట్టిక తయారవుతుంది. దాన్ని బడి గోడ మీద, మస్జిద్ ప్రహరీ మీద, పంచాయతీ కార్యాలయం దగ్గర పెయింటుతో గీతలుగా గీస్తే చదువు రాని వారికి కూడా అర్థమవుతుంది.

మేము పిల్లలకు ఇచ్చే లెక్క ఒకటి ఇక్కడ పెడుతున్నాం. ఇది లెక్క కోసం అనుకున్న ఉదాహరణ. పొద్దున 6 గంటలకు ధవళేశ్వరం మట్టం 10.55 అడుగులు. మధ్యాహ్నం 12 గంటలకు 11.15 అడుగులు. ఆరు గంటల్లో పెరిగింది 0.6 అడుగు, అంటే గంటకు 0.1 అడుగు. మొదటి హెచ్చరిక మట్టమైన 11.75కు ఇంకా 0.6 అడుగు ఉంది. ఇదే తీరున పెరిగితే సాయంత్రం 6 గంటలకు చేరుతుంది. ఏడో తరగతి పిల్లవాడు చేయగల లెక్క ఇది. దీని నుంచి వచ్చే నిర్ణయం మాత్రం పెద్దలది. చీకటి పడే వేళకు నీరు వస్తుంది కనుక, ముసలివారిని, గర్భిణులను మధ్యాహ్నమే తరలించాలి. నది ఎప్పుడూ ఒకే తీరున పెరగదన్నది నిజమే. అందుకే ఎగువన భద్రాచలం, కుంట అంకెలు కూడా పక్కన రాసి చూడాలి.

తుపాను నేర్పిన పాఠం

వరద ఒక రోజు ముందు కబురు పెట్టి వస్తుంది. తుపాను అంత మర్యాద చేయదు. మన తీరానికి ఈ సంగతి పాత కాలం నుంచీ తెలుసు. ఒకప్పుడు ఓడలతో కళకళలాడిన కోరంగి రేవును 1789లో ఒకసారి, 1839లో మరొకసారి ఉప్పెన ముంచింది. ఆ కాలంలో కలకత్తాలో ఉన్న హెన్రీ పిడింగ్టన్ ఓడల కెప్టెన్లు రాసుకున్న దినచర్య పుస్తకాలు సేకరించి, ఏ ఓడకు ఏ గంటకు ఏ దిక్కు నుంచి గాలి తగిలిందో పోల్చి చూశాడు. తుపాను గాలి సుడి తిరుగుతుందన్న విషయాన్ని అలా వివరించి, దానికి 'సైక్లోన్' అనే పేరు పెట్టింది ఆయనే. ఒక్క కెప్టెన్ పుస్తకంతో అది తేలేది కాదు. పదిమంది తమ తమ లెక్కలు ఒకచోట పెట్టినందువల్లే తేలింది.

1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో దాదాపు పదివేల మంది పోయారు. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమను తాకిన తుపాను వెయ్యి మందికి పైగా ప్రాణాలు తీసింది. సముద్రంలో వేటకు వెళ్లిన మత్స్యకారులు ఎందరో తిరిగి రాలేదు. నేల మీద ఎంత మంచి హెచ్చరిక ఇచ్చినా, సముద్రం మీద ఉన్న పడవకు అది చేరకపోతే ఆ ఇంటికి హెచ్చరిక లేనట్టే.

నేడు భారత వాతావరణ శాఖ తుపాను సమాచారాన్ని నాలుగు దశల్లో ఇస్తుంది. సుమారు 72 గంటల ముందు తొలి సూచన, 48 గంటల ముందు అప్రమత్తత, 24 గంటల ముందు హెచ్చరిక, తీరం దాటడానికి 12 గంటల ముందు లోతట్టు ప్రాంతాల వారికి కూడా వర్తించే సూచన. మన రాష్ట్రానికి విశాఖపట్నంలోని తుపాను హెచ్చరికల కేంద్రం ఈ పని చేస్తుంది. హైదరాబాదులోని జాతీయ సముద్ర సమాచార కేంద్రం అలల ఎత్తు, సునామీ సూచనలు ఇస్తుంది.

కాకినాడ రేవులో ఎగరేసే ప్రమాద సూచికలు 1 నుంచి 11 వరకు ఉంటాయి. 10వ నంబరు అతి పెద్ద ప్రమాదానికి గుర్తు. మరి దాని పైన ఉన్న 11వ నంబరు ఏమిటి? హెచ్చరికల కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయి, ఇక కబురు రాదు అని. వందేళ్లకు పైగా సముద్రంతో కాపురం చేసిన రేవు అధికారులు పట్టికలో చిట్టచివర పెట్టింది గాలి వేగాన్ని కాదు, సమాచారం తెగిపోవడాన్ని. ఈ ఒక్క విషయం మనం గుర్తుంచుకుంటే చాలు.

కబురు తెగకుండా చూసుకుంటే ఏమవుతుందో మన పొరుగున ఉన్న బంగ్లాదేశ్ చూపించింది. అక్కడ 1970 నవంబరు తుపానులో 3 లక్షల మందికి పైగా చనిపోయారు. తరువాత రెండేళ్లకే రెడ్‌క్రాస్ తోడ్పాటుతో తుపాను సంసిద్ధత కార్యక్రమం మొదలైంది. ఊరూరా స్వచ్ఛంద కార్యకర్తలు రేడియోలో వచ్చిన వాతావరణ సమాచారాన్ని జెండాలతో, చేతి మైకులతో, మస్జిద్ మైకులతో ఇంటింటికీ చేర్చడం అలవాటు చేసుకున్నారు. తుపాను ఆశ్రయ భవనాలు కట్టారు. ఈనాడు ఆ కార్యకర్తలు 70 వేలకు పైనే, వారిలో స్త్రీలు దాదాపు సగం. ఫలితం ఒక్కసారిగా రాలేదు. 1991లో కూడా లక్షకు పైగా ప్రాణాలు పోయాయి. కానీ 2007లో 'సిడర్' నాటికి మృతులు సుమారు 3,400కు, 2020లో 'అంఫాన్' నాటికి కొన్ని పదులకు తగ్గారు. సముద్రం మారలేదు, నేల ఎత్తు పెరగలేదు. కబురు అందడం, అందిన కబురును నమ్మి కదలడం, కదిలిన వారికి చోటు ఉండడం, ఈ మూడే మారాయి.

బోరు వేసే ముందు

ఇక రెండవ విన్నపం సంగతి. నీరు తాగించడం పుణ్యమని, దాని ఫలం మనం పోయాక కూడా అందుతూ ఉంటుందని నమ్మి, తల్లిదండ్రుల పేరు మీద బోరు వేయించే వారు మనలో చాలామంది. ఈ సదుద్దేశానికి మన నేల పెట్టే పరీక్ష ఒకటి ఉంది.

సముద్రానికి దగ్గరగా ఉన్న మండలాల్లో మంచినీరు పైపొరల్లో, ముఖ్యంగా ఇసుక మెరకల కింద ఉంటుంది. దాని కింద ఉప్పునీరు ఉంటుంది. బరువైన ఉప్పునీటి మీద తేలికైన మంచినీరు తేలుతున్నట్టు ఊహించుకోవచ్చు. సముద్రమట్టానికి పైన మంచినీటి మట్టం ఒక అడుగు తగ్గితే, కింద ఉప్పునీటి హద్దు సుమారు 40 అడుగులు పైకి జరుగుతుందన్నది భూగర్భజల శాస్త్రంలో సాధారణ సూత్రం. అందువల్ల మన దగ్గర "ఇంకా లోతుకు వేస్తే ఇంకా మంచి నీరు" అన్న మాట చాలా చోట్ల తిరగబడుతుంది. లోతుకు పోయిన కొద్దీ ఉప్పు తగలవచ్చు. మొదటి ఏడాది తియ్యగా ఉన్న బోరు, ఎక్కువగా తోడేసరికి తరువాత ఉప్పు తిరగవచ్చు. దాత పేరున్న రాతిపలక మిగులుతుంది, బిందెలు మాత్రం వేరే వీధికి పోతాయి.

రాష్ట్ర భూగర్భజల శాఖకు ఊళ్లలో పరిశీలక బావులు ఉన్నాయి. వానలకు ముందు మే నెలలో, వానలు వెనుకబడ్డాక నవంబరులో నీటిమట్టం ఎంత ఉందో వారు నమోదు చేస్తారు. గ్రామీణ నీటి సరఫరా విభాగానికి నీటి పరీక్షా కేంద్రాలు ఉన్నాయి. ఇవి చూసి బోరుకు చోటు, లోతు నిర్ణయించడం ఒక పద్ధతి. చుట్టుపక్కల ఇప్పటికే ఉన్న బోర్ల నీటిని పరీక్షించడం రెండవది. తాగునీటిలో కరిగిన లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉండాలని భారత ప్రమాణాలు చెబుతున్నాయి. వేరే దిక్కు లేనప్పుడు 2,000 వరకు అనుమతి ఉంది. ఈ లవణాలు చూపే చిన్న టీడీఎస్ మీటరు వెయ్యి రూపాయల లోపే దొరుకుతుంది. అది సూక్ష్మక్రిములను చూపదు కనుక నీటి శుభ్రతకు ప్రయోగశాల పరీక్ష తప్పదు. కానీ బోరు ఏటికేడు ఉప్పు తిరుగుతోందా లేదా అన్నది చెప్పడానికి ఆ మీటరు చాలు.

మన సంస్థలు, పొరుగు సంస్థలు, పంచాయతీలు తాము వేసిన ప్రతి బోరు లోతు, మే నెల టీడీఎస్ ఒక పట్టికలో రాసి ఒకరికొకరు చూపించుకుంటే, నాలుగేళ్లలో ఏ మెరకలో బోరు నిలుస్తుంది, ఎక్కడ బోరు కన్నా చెరువు నీటిని శుద్ధి చేసి ఇవ్వడం మేలు అన్నది తేలిపోతుంది. విఫలమైన బోరు లెక్కను దాచకూడదు. ఇంకొక దాత సొమ్ము అదే నేలలో వృథా కాకుండా కాపాడేది ఆ లెక్కే.

పుకారు వేరు, సమాచారం వేరు

వరద రాత్రుల్లో ఫోన్లలో తిరిగే "ఫలానా గట్టు తెగింది" అన్న కబుర్లు జనాన్ని చీకట్లో పరుగులు పెట్టిస్తాయి. నాలుగుసార్లు అబద్ధమయ్యాక ఐదోసారి నిజమైన హెచ్చరికను కూడా ఎవరూ నమ్మరు. కాబట్టి ఏ కబురు పంపే ముందైనా నాలుగు ప్రశ్నలు వేసుకుందాం. ఎవరు కొలిచారు? ఎక్కడ కొలిచారు? ఏ తేదీ, ఏ గంటకు కొలిచారు? నీరు పెరుగుతోందా, తగ్గుతోందా? ఈ నాలుగూ లేని కబురును మన చేతి నుంచి ముందుకు పంపకూడదు. సమాచారం కూడా అమానతే. ఉన్నది ఉన్నట్టు, చేర్చవలసిన వారికి చేర్చడమే దానికి న్యాయం.

యూసుఫ్ ప్రవక్త (అలైహిస్సలాం) గాథ మనందరికీ తెలిసినదే. రానున్న ఏడేళ్ల కరువు గురించి తనకు తెలిసినదాన్ని ఆయన చెరసాల గోడల మధ్య దాచుకోలేదు, తనను బంధించిన వారికే చెప్పారు. కబురు ముందు అందింది కనుక గిడ్డంగులు నిండాయి, కరువులో అందరికీ ధాన్యం దొరికింది.

మన వంతు

2022 ఏప్రిల్‌లో జిల్లాల విభజన తరువాత మన డెల్టా తూర్పు గోదావరి, పశ్చిమ గోదావరి, కోనసీమ, కాకినాడ, ఏలూరు జిల్లాల మధ్య ఉంది. ఏరు మాత్రం ఒక్కటే. ఒక గట్టున ఉన్న వారి లెక్క ఎదురు గట్టున ఉన్న వారికి కావాలి. ఈ పనిలో మన దాతల ముందు కొన్ని సూచనలు ఉంచుతున్నాం.

ఒకటి, ముంపు ఊళ్లలో బడి, మస్జిద్, పంచాయతీ గోడల మీద 1986, 2022 వరద గుర్తులు, మూడు హెచ్చరికల గీతలు రాయించడం. గుర్తు ఎక్కడ పెట్టాలో ఆ ఊరి పెద్దలను, నీటిపారుదల సిబ్బందిని అడిగి నిర్ణయించాలి.

రెండు, ప్రతి ఊరికి ఇద్దరు వార్తాహరులను, అందులో ఒకరు తప్పకుండా స్త్రీ అయ్యేలా, తయారు చేయడం. ఇంటి మగవారు పనుల మీద బయట ఉన్నప్పుడు, కొందరు గల్ఫ్ దేశాల్లో ఉన్నప్పుడు, గడప లోపల ఉన్న వారికి నేరుగా చెప్పగలిగేది ఆమే. ఆ కబురు కుల మతాల తేడా లేకుండా వీధిలోని ప్రతి ఇంటికీ వెళ్లాలి. వరద నీరు ఇళ్లను ఎంచుకోదు.

మూడు, నడవలేని వారు, గర్భిణులు, రోజూ మందులు వాడేవారు ఎవరెవరు ఏ ఇంట్లో ఉన్నారో జూన్ నెలలోనే జాబితా రాసి సిద్ధంగా ఉంచడం. అది వార్తాహరుల దగ్గర, గ్రామ సచివాలయంలో తప్ప వేరెక్కడా ప్రచారం కాకూడదు.

నాలుగు, మన సంస్థ వేయించిన ప్రతి బోరుకూ ఏటా మే నెలలో నీటి పరీక్ష చేయించి, ఫలితాన్ని ఈ సంచికలోనే పట్టికగా ప్రచురించడం.

వీటన్నిటికీ అయ్యే ఖర్చు పెద్దది కాదు. కొన్ని డబ్బాల పెయింటు, కొన్ని నోటు పుస్తకాలు, ఒక చేతి మైకు, ఒక మీటరు. దుప్పట్లు, బియ్యం మానేయమని మేము అనడం లేదు, వాటి అవసరం ఉంటూనే ఉంటుంది. కానీ వరద వచ్చాక ఇచ్చిన దుప్పటి ఒక్క మనిషిని వెచ్చగా ఉంచుతుంది. వరదకు ముందు ఇచ్చిన నిజమైన కబురు ఆ మనిషిని పొడిగా, ప్రాణంతో ఉంచుతుంది. ఈ ఏడాది జూన్ మొదటి వారంలో మన ఊళ్లలో తొలి నోటు పుస్తకం తెరుచుకోవాలని కోరుతున్నాం. గళ్లు గీసి ఇవ్వడానికి, పిల్లలకు లెక్క నేర్పడానికి ఉపాధ్యాయులం మేము సిద్ధంగా ఉన్నాం. ఇన్షా అల్లాహ్.